వెనక సీటులో ఇద్దరి బరువు

ఉదయం నుంచి అది ఏడో చక్రం. ఫిట్టరు దాన్ని బ్యాలెన్సింగు యంత్రానికి తగిలించి తిప్పాడు, అంకె నిలబడేదాకా చూశాడు, చిన్న సీసపు ముక్క ఒకటి అంచుకి పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మళ్ళీ తిప్పాడు. సున్నా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ నుంచీ అతను పొద్దంతా చెమటోడ్చి సంపాదించేది ఆ సున్నాయేనని షాపు యజమాని వేళాకోళం చేస్తుంటాడు. ఫిట్టరు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతాడు. నవ్వకపోతే ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటాడని అతని బెంగ.

పొట్టి మనిషి. ఎప్పుడూ మోకాళ్ళ మీదే పని కాబట్టి ప్యాంటుకి అక్కడ భార్య అదే రంగు గుడ్డతో మాసికలు వేస్తుంది. దూరం నుంచి చూస్తే కుట్టు తెలియదు. కుడిచేతి బొటనవేలి గోరు సగం పెరిగి ఆగిపోయింది. ఎప్పుడో టైరు ఊడదీసే ఇనుప పట్టె జారి దాని మీద పడింది. వేళ్ళ గీతల్లో దిగిన రబ్బరు నలుపు ఏ సబ్బుకీ లొంగదు. పెళ్ళి ఫొటోలో కూడా అతను చేతులు వెనక్కి పెట్టుకునే ఉంటాడు.

అతను నడిపిన కార్లకి లెక్కలేదు. నడిపిన దూరం మాత్రం రోడ్డు అంచు నుంచి షాపులో కారుని పైకెత్తే లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి మళ్ళీ రోడ్డు అంచు దాకా. లైసెన్సు కోసం నేర్చుకున్న నాలుగు రోజులూ తీసేస్తే, ఏ కారులోనూ మూడో గేరు వేసిన పాపాన పోలేదు. ఇవాళ వేయబోతున్నాడు. మధ్యాహ్నం నుంచి షాపుకి సెలవు. వెనక షెడ్డులో ఉన్న పాత కారుకి లావు చక్రాలు బిగించడం అయిపోతే సాయంత్రం దాన్ని మొట్టమొదట రోడ్డెక్కించేది అతనే. అది పదకొండేళ్ళ కిందట అతనికి ఇచ్చిన మాట.

ఆ మాట ఇచ్చినవాడు పెద్దల్లుడు. అంటే ఫిట్టరు భార్యకి అక్క మొగుడు, ఫిట్టరుకి తోడల్లుడు. అత్తవారింట్లో వీళ్ళిద్దరినీ పెద్దల్లుడు, చిన్నల్లుడు అనేవారు. అత్తమామలు పోయినా పిలుపులు మిగిలాయి. పెద్దల్లుడు పొడగరి, మాటకారి, ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం. ఒక ఆదివారం అతను, పాత ఇనుప సామాను కొట్టు వెనక గడ్డిలో పడున్న కారు ఒకదాన్ని లారీ మీద వేయించి తెచ్చాడు. దానికి ఇంజను లేదు, అద్దాలు లేవు, లోపల పిల్లి ఈనింది.

"నా కారు, నీ చేతులు అనుకోకు తమ్ముడూ," అన్నాడు ఆ రోజు. "ఇది మనిద్దరిదీ. తయారయ్యాక మొదట నడిపేది నువ్వే. అక్కచెల్లెళ్ళిద్దరూ వెనక కూర్చుంటారు. నేను నీ పక్కన కూర్చుని దారి చెబుతాను."

దారి చెప్పడం పెద్దల్లుడికి చాలా ఇష్టం.

షాపు యజమాని షెడ్డు వాడుకోనిచ్చాడు. పదకొండేళ్ళ ఆదివారాలు అందులోనే గడిచాయి. ఫిట్టరు తుప్పు గీకాడు, నేలకి కొత్త రేకు వేశాడు, ఎక్కడో దొరికిన ఇంజనుని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. పెద్దల్లుడు స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకునేవాడు. ఆ వెలుగు ఎప్పుడూ పెద్దల్లుడు ఎటు చూస్తే అటు పడేది గాని, ఫిట్టరు చేతులు ఉన్న చోట పడేది కాదు. అందుకని ఫిట్టరు తడుముకుంటూ బోల్టులు బిగించడం నేర్చుకున్నాడు. నొచ్చుకోలేదు. ఎవరు వచ్చినా పెద్దల్లుడు అతని భుజం మీద చెయ్యి వేసి, "మా తోడల్లుడు. సొంత తమ్ముడు కూడా ఇలా ఉండడు," అని చెప్పేవాడు. రబ్బరు మసి అంటుకుంటుందని కూడా చూసుకునేవాడు కాదు. ఆ ఒక్క పరిచయం కోసం ఇంకో పదకొండేళ్ళు చీకట్లో తడుముకోమన్నా ఫిట్టరు సిద్ధమే.

నెల కిందట పెద్దల్లుడు ఆటోలో నాలుగు లావు చక్రాలు వేసుకొచ్చాడు. ఫిట్టరు వాటిని చూసి మొహం అదోలా పెట్టాడు.

"దీనికి సన్న టైర్లే నప్పుతాయి అన్నయ్యా. లావువి వేస్తే స్టీరింగు బరువెక్కుతుంది. వెనక చక్రాల మీది ఫెండరు రేకు అంచుకి రుద్దుకుంటాయి కూడా."

"రుద్దుకోకుండా చెయ్యి. నీకు రాని పనా?"

"అసలెందుకని?"

"అందం తమ్ముడూ. రోడ్డు మీద వెళుతుంటే నలుగురూ తల తిప్పి చూడొద్దూ?"

నీకు రాని పనా అంటే చాలు, ఫిట్టరు మంచులా కరిగిపోతాడు. ఆ సంగతి పెద్దల్లుడికి బాగా తెలుసు. ముందు చక్రాలు రెండూ పోయిన ఆదివారమే బిగించడం అయింది. చిక్కంతా వెనక చక్రాలతోనే, అవి ఇవాళ్టికి మిగిలాయి.

పన్నెండున్నరకి షాపు షట్టరు దించి ఫిట్టరు భార్యకి ఫోను చేశాడు. ఆమె ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. కారు వెనక సీటు కుట్టింది కూడా ఆమే. లోపల పీచు దట్టించి, పైన ముదురు ఎరుపు రెక్సిను వేసి, తెల్ల దారంతో కుట్టింది. రెక్సిను మందానికి మూడు సూదులు విరిగాయి. మూడో సూది ముక్క దొరకలేదు. అది తప్పకుండా అక్క కూర్చునే వైపే ఉండి ఉంటుందని చెప్పి చెప్పి నవ్వేది.

"మూడింటికి మీ అక్కని తీసుకుని షెడ్డుకి రా," అన్నాడు. "వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే గాని టైరు రుద్దుకునేదీ లేనిదీ తెలియదు. అదయ్యాక అలాగే బయలుదేరిపోదాం."

అవతల మిషను చప్పుడు ఆగింది. "నాకు తలనొప్పిగా ఉందండీ. అక్క కూడా రాదేమో."

"పొద్దున బాగానే ఉన్నావుగా."

"ఏదో ఒక బరువు పెట్టి మీరే చూసుకోండి." ఫోను పెట్టేయబోతూ, "తిన్నారా?" అని అడిగింది.

తిన్నానన్నాడు. నిజానికి డబ్బా మూతే తీయలేదు. ఆకలి కంటే చక్రాలు ముందు.

షెడ్డు తలుపులు బార్లా తెరిచి కారు వెనక భాగం జాకీ మీద లేపాడు. సన్న చక్రాలు ఊడదీసి గోడకి ఆనించాడు. లావు చక్రం ఎత్తి ఇరుసు చివరి హబ్బుకి ఆన్చి, కాలి బొటనవేలితో కింద నుంచి పైకి నెట్టి, నట్లు చేత్తోనే సగందాకా తిప్పాడు. తర్వాత పానాతో బిగించాడు. పక్కపక్కన ఉన్నవి వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకి వాలుతుంది. ఒకటి బిగించి దాని ఎదురుది బిగించాలి. ఇది అతను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రెండో వైపు కూడా అయ్యాక కారుని కిందికి దించాడు. టైరుకీ ఫెండరు అంచుకీ మధ్య వేలు దూరింది. ఖాళీ కారుకి వేలు దూరితే ఏం లాభం?

ఇప్పుడు ఇద్దరి బరువు కావాలి. పక్కన ఎవరిదో ఇల్లు కడుతున్నారు. మేస్త్రీని అడిగి రెండు సంచులకి ఇసుక నింపుకున్నాడు. షాపులో కాటా ఉంది. భార్య బరువు అతనికి తెలుసు, మొన్ననే డాక్టరు చూశాడు. వదిన బరువు తెలియదు. అడిగే ధైర్యం పెద్దల్లుడికే లేదు, తనకెక్కడిది? అందుకని అందాజుగా రెండో సంచిలో ఆరు పారలు ఎక్కువ వేసి, మనసులోనే వదినకి దండం పెట్టుకున్నాడు. సంచుల మూతులు కట్టి, రెక్సిను గీసుకుపోకుండా కింద పాత దుప్పటి పరిచి, పెద్దది ఎడమ పక్క, చిన్నది కుడి పక్క కూర్చోబెట్టాడు. భార్య కుడి పక్కే కూర్చుంటానని ఏనాడో చెప్పింది. అటు నుంచి అయితే నడిపే మనిషి వీపు కాకుండా మొహం కొంచెం అద్దంలో కనబడుతుందట.

ఫెండరు లోపల అంచు పొడుగునా పుట్టీ ముద్దలు అతికించి, వెనక బంపరు మీద మోకాలు వేసి కారుని ఊపాడు. తొంగి చూశాడు. ముద్దలు అణిగిపోయాయి. వాటి మీద టైరు గీతలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

అంటే అంచు మడవాలి. రంగు పెట్లిపోకుండా మడవడంలోనే ఉంది పనంతా. వేడిగాలి మిషనుతో ఫెండరుని, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి చేశాడు. టైరుకీ అంచుకీ మధ్య గుండ్రటి కర్ర దూర్చాడు. డ్రైవరు తలుపు తెరిచి, దాని చట్రానికి భుజం ఆనించి, కారుని జానెడు ముందుకి తోశాడు, జానెడు వెనక్కి లాగాడు. చక్రం తిరిగినప్పుడల్లా కర్ర దొర్లి రేకు అంచుని వెంట్రుకవాసి లోపలికి నొక్కుతుంది. ఒక్కసారిగా నొక్కేద్దామనుకుంటే రేకు ముడతలు పడుతుంది. మళ్ళీ వేడి, మళ్ళీ తోయడం. లోపల ఇసుక మూటలతో కారు బరువుగా కదిలింది. చెమట కళ్ళల్లోకి దిగింది. అయినా అతనికి హాయిగానే ఉంది. ఎడమ పక్క ఒక్కచోట, నువ్వు గింజంత, రంగు పెట్లింది. అయ్యో అని పైకే అన్నాడు. ఆ రంగు చిన్న సీసాలో దాచి ఉంచాడు. పుల్ల చివర దూది చుట్టి దాంతో అద్ది, ఆరేదాకా ఊదాడు.

మళ్ళీ పుట్టీ ముద్దలు పెట్టి, మళ్ళీ ఊపి చూశాడు. ఈసారి ముద్దల మీద ఒక్క గీత కూడా లేదు. ఇద్దరూ ఎంత ఎగిరెగిరి కూర్చున్నా ఇక భయం లేదు. అతను చేతులు తుడుచుకుని వెనక్కి జరిగి కారుని చూశాడు. లావు చక్రాలు బాగానే ఉన్నాయి. అన్నయ్య మాటే నిజమనిపించింది.

నాలుగు దాటాక బయట ఆటో ఆగింది. పెద్దల్లుడు దిగాడు, అతని వెనక ఇంకో మనిషి దిగాడు. ముప్ఫై దాటి ఉంటాయి, మెత్తని మాట, శుభ్రమైన బూట్లు. ఆ మనిషి నేరుగా వెళ్ళి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మడిచిన అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేలు పోనిచ్చాడు.

"చాలా శుభ్రంగా చేశారు. ఎవరిది ఈ పని?"

పెద్దల్లుడు ఫిట్టరు వైపు చూడలేదు. "మన టైర్లాయన," అన్నాడు. "ఈ షాపులోనే చేస్తాడు."

ఆ మాట తన గురించేనని ఫిట్టరుకి తట్టలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. గోడ, గోడకి ఆనించిన సన్న చక్రాలు, అంతే.

వచ్చిన మనిషి వెనక తలుపు తెరిచాడు. "ఈ మూటలెందుకండీ?"

"వెనక ఇద్దరు కూర్చుంటే కారు ఎంత దిగుతుందో చూద్దామనండీ."

"అయ్యో, వెనక ఎవరూ కూర్చోరు. పోటీల్లో నడపడానికి తీసుకుంటున్నాను కదా, బరువు తగ్గాలి. సీటు ఇప్పుడే తీసేస్తే మంచిది. ఈ అంచులు కూడా కోసేసి ఇంకా వెడల్పు చేయిస్తాను." ఫిట్టరు మొహం చూసి ఆగాడు. "మీకు చెప్పలేదా?"

పెద్దల్లుడు గోడకి ఆనించిన సన్న చక్రాల వైపు తిరిగాడు. ఆ మనిషికి ఏదో అర్థమైనట్టుంది, బానెట్టు ఎత్తి అటు పక్కకి వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు గొంతు తగ్గించాడు. "నీకు చెబుదామనే అనుకున్నాను తమ్ముడూ."

ఇప్పుడు మళ్ళీ తమ్ముడయ్యాడు.

"ఎప్పుడు?"

"చక్రాలయ్యాక. నాకు బదిలీ అయింది. వచ్చే వారమే వెళ్ళిపోవాలి. అక్కడ దీన్నెక్కడ పెట్టుకోను? లావు చక్రాలు బిగించి ఇస్తేనే తీసుకుంటానన్నాడు ఆయన. నీకు ముందే చెబితే…"

"చెబితే?"

"నీకు చెయ్యి ఆడదు కదా."

నిజమే, ఆడదు. తన సంగతి ఆ మనిషికి ఎంత బాగా తెలుసో, తెలిసిందంతా ఎంత పొదుపుగా వాడుకున్నాడో ఫిట్టరుకి అప్పుడు అర్థమైంది. ఈసారి నొచ్చుకున్నాడు. కారు పోతున్నందుకు కాదు. కాగితాల మీద అది ఎవరిదో అతనికి తెలియనిది కాదు. అమ్ముకుంటానంటే అడ్డుపడేవాడూ కాదు. ఏడ్చుకుంటూనే తుడిచి ఇచ్చేవాడు. నెల రోజులు నీకు రాని పనా, నీకు రాని పనా అంటూ తన చేతులతోనే తన కారుని పరాయిది చేయించాడు. చివరికి ఆ పరాయివాడి ముందు, తోడల్లుడు అనే ఒక్క మాట నోటికి రాలేదు. నమ్మించి గొంతు కోయడం ఇంత మర్యాదగా జరుగుతుందని ఫిట్టరు ఎన్నడూ అనుకోలేదు.

"ఒకసారి బయటికి తీసి చూపిస్తారా?" అన్నాడు కొన్న మనిషి అటు నుంచి. "స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందువి ఎక్కడైనా తగులుతాయేమో."

"నడుపు తమ్ముడూ, నువ్వే నడుపు," అన్నాడు పెద్దల్లుడు, మాట నిలబెట్టుకున్నవాడి గొంతుతో.

ఫిట్టరు ఎక్కాడు. ఎందుకెక్కాడంటే ఏం చెబుతాడు? ఎవరైనా పని చెబితే కాదనడం అతనికి చేతకాదు. మొదటి గేరులో షెడ్డు దాటించాడు. స్టీరింగు బరువుగా ఉంది, తను ముందే అన్నట్టు. సందు మొదట్లో కుడికి పూర్తిగా, ఎడమకి పూర్తిగా తిప్పాడు, ఎక్కడా తగల్లేదు. అద్దంలో చూశాడు. రెండు మూటలూ ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి, కుడి పక్కది చిన్నది. వెనక గేరు వేసి తెచ్చి, ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు. మొత్తం ముప్ఫై అడుగులు. రెండో గేరు కూడా పడలేదు.

కొన్న మనిషి సీటు పట్టుకుని లాగబోయాడు.

"అలా లాగకండి, చిరుగుతుంది," అన్నాడు ఫిట్టరు. మూటలు దింపి, దుప్పటి తీసి, సీటు కింద వేళ్ళు పోనిచ్చి రెండు కొక్కేలూ తడిమి నొక్కాడు. దానికి టార్చి అక్కర్లేదు. సీటు లేచి వచ్చింది. ఎత్తుకుని షెడ్డు లోపల నేల మీద పెట్టాడు.

"ఇది మాకు పనికిరాదు, మీరే ఉంచుకోండి," అన్నాడు ఆ మనిషి. మంచిగానే అన్నాడు. అతని మీద ఫిట్టరుకి కోపం లేదు.

పెద్దల్లుడు తాళం చెవి అతనికిచ్చి, ఫిట్టరు భుజం మీద చెయ్యి వేయబోయి, మసి చూసి ఆగాడు. "ఇంటికొచ్చి మాట్లాడతాను," అన్నాడు. పెద్ద రోడ్డుదాకా దారి చూపించాలని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. కారు సందులో కదిలింది. కిటికీలోంచి పెద్దల్లుడి చెయ్యి బయటికి వచ్చి ఎడమకి చూపించింది. మలుపు తిరిగాక ఇక కనబడలేదు, వినబడింది. రెండో గేరు పడింది. కాసేపటికి మూడోది పడింది. ఏ అడ్డూ లేకుండా, వెన్నలో కత్తిలా దిగింది. తను మూడుసార్లు విప్పి బిగించిన ఇంజను.

పొద్దు వాలుతుండగా భార్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ఖాళీ షెడ్డుని చూసింది.

"వెళ్ళిపోయిందా?" అంది.

కారు ఏదని అడగలేదు. ఎవరు తీసుకెళ్ళారు అనలేదు. ఫిట్టరు చేతిలో పానా అలాగే ఆగిపోయింది.

"నీకు తెలుసు."

ఆమె తల దించుకుంది. "పోయిన ఆదివారం అక్క చెప్పింది. చక్రాలయ్యేదాకా మీకు చెప్పొద్దని బావ అన్నాడట. నా చేత ఒట్టు వేయించుకుంది."

"తలనొప్పో?"

"తెలిసి తెలిసి అందులో ఎలా కూర్చోనండీ?" ఆమె ఫ్లాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "చెప్పేద్దామని రోజూ అనుకున్నాను. మీరేమో కంచం ముందు కూర్చుని ఆ టైర్ల గురించే చెబుతున్నారు. అంత సంబరంగా చెబుతుంటే నోరు రాలేదు."

పెద్దల్లుడు చేసింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఈ వారమంతా రాత్రి భోజనాల దగ్గర తను అంచు ఎలా మడవాలో చేతులు తిప్పి చూపిస్తుంటే, ఆమె తెలిసీ ఊఁ కొట్టింది. మూటల్లో ఎవరి బరువు ఎంతో లెక్క చూసుకుని నింపుకున్నాడు తను. ముగ్గురూ కలిసి టార్చి ఇంకెక్కడో పట్టుకున్నారు. అరవాలనిపించింది. అలవాటు లేని పని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇంటికి తాళం వేశావా?" అన్నాడు.

"వేశాను." ఫ్లాస్కు మూతలో టీ పోసి స్టూలు మీద పెట్టింది. అది పెద్దల్లుడు కూర్చునే స్టూలు. "పదండి, వెళదాం."

"నువ్వు పద. వస్తాను."

ఆమె ఫ్లాస్కు స్టూలు పక్కనే పెట్టి వెళ్ళిపోయింది. షెడ్డు నుంచి వాళ్ళు విడివిడిగా ఇంటికి వెళ్ళడం అదే మొదలు. ఫిట్టరు పనిముట్లు తుడిచి వరసగా సర్దాడు. పుట్టీ ముద్దలు ఏరి డబ్బాలో వేశాడు. మూటలు రెండూ ఒకటి తర్వాత ఒకటి మోసుకెళ్ళి, మేస్త్రీ ఇసుక మేస్త్రీ గుట్టలోనే పోశాడు. ఖాళీ సంచులు దులిపి మడిచాడు. తిరిగి వచ్చేసరికి టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది. తాగలేదు. ఒక తలుపు మూసి, రెండోది మూయబోతూ లోపలికి చూశాడు.

కారు ఉన్న చోట, నూనె మరకల మధ్య, ఎర్ర సీటు నేల మీద ఉంది. పీచు ఇంకా పైకి లేవలేదు. ఎడమ పక్క పెద్ద గుంట, కుడి పక్క చిన్న గుంట, రెంటికీ నడుమ తెల్ల దారం కుట్టు.